రాయనిది లేనట్టా, తెలియనట్టా? – నియమాలను తర్కంలో రాయడం గురించి ఒక ప్రశ్న

#1 మున్నేరు

అందరికీ నమస్కారం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. సామాజిక పింఛన్ల అర్హత నిబంధనలను కంప్యూటరు తనంతట తాను సరిచూసేలా తర్కం రూపంలో రాసే పని ప్రస్తుతం మా టీమ్ చేతిలో ఉంది. జీవోలోని వాక్యాలను నియమాలుగా మార్చడం అనుకున్నంత కష్టం కాలేదు. వయసు ఇంత దాటితే, ఆదాయం ఇంతలోపు ఉంటే, ఇంట్లో ఇంకెవరికీ పింఛను రాకపోతే... ఇవన్నీ "అయితే, అప్పుడు" వాక్యాలుగా బాగానే కుదిరాయి.

తలనొప్పంతా ఖాళీ గడుల దగ్గరే. ఒకామె దరఖాస్తులో భర్త పేరు గడి ఖాళీగా ఉంది. మాకన్నా ముందు వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాము "భర్త పేరు లేదు, కాబట్టి పెళ్ళి కాలేదు, కాబట్టి వితంతు పింఛను వర్తించదు" అని తేల్చి పక్కన పెట్టేసింది. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. దరఖాస్తు నింపినతను ఆ సంగతి అడగలేదు, ఆమెకు చదువు రాదు. ఆ ప్రోగ్రాము ఒక్కో మెట్టు విడిగా చూస్తే తర్కం సరిగ్గానే ఉంది. నన్ను ఇబ్బంది పెడుతున్నది అదే.

మనిషికి తెలిసినదాన్ని కంప్యూటరుకు తర్కంలో చెప్పేటప్పుడు "లేదు" అనేదానికీ "తెలియదు" అనేదానికీ తేడా ఎలా రాస్తారు? దీని మీద లోతుగా ఆలోచించినవాళ్ళు ఎవరు? కంప్యూటర్ వాళ్ళూ చెప్పండి, తత్వశాస్త్రం చదివినవాళ్ళూ చెప్పండి.

#2 డల్లాస్_రాజు

మంచి ప్రశ్న వేశారండీ. ఈ రంగంలో అసలు ముడి ఇక్కడే ఉంది.

1978లో రేమండ్ రైటర్ అనే ఆయన దీనికి ఒక పేరు పెట్టాడు: క్లోజ్డ్ వరల్డ్ అసంప్షన్. మన దగ్గర రాసి ఉన్నదే లోకం మొత్తం, రాయనిది లేనట్టే లెక్క. రైల్వే టైమ్ టేబుల్ చూడండి. అందులో మధ్యాహ్నం రెండింటికి బండి లేకపోతే, రెండింటికి బండి లేదనే అర్థం. "ఉందేమో, రాయడం మర్చిపోయారేమో" అని ఎవరూ స్టేషనుకు వెళ్ళరు. అదే ఒక రోగి ఫైలు తీసుకోండి. పెన్సిలిన్ పడదు అని అందులో రాసి లేదు. అంతమాత్రాన పెన్సిలిన్ పడుతుందని ఇంజక్షన్ ఇచ్చేస్తామా? అడుగుతాం. రెండూ కాగితాలే, రెంటిలోనూ ఉన్నది ఖాళీయే. ఒక ఖాళీ జవాబు చెబుతుంది, రెండోది చెప్పదు.

ఇదే 1978లో కీత్ క్లార్క్ "నిరూపించలేకపోతే లేనట్టే" అనే పద్ధతికి తార్కికమైన పునాది వేశాడు. 1972లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్‌లో పుట్టిన ప్రోలాగ్ భాష నేటికీ అలాగే నడుస్తుంది. ప్రోలాగ్‌లో "కాదు" అని రాస్తే దానర్థం "అవును అని నిరూపించడానికి నాకు ఆధారం దొరకలేదు" అని మాత్రమే. మీకు దొరికిన పాత ప్రోగ్రాము ఏ భాషలో రాసినా లోపల చేసింది ఇదే.

#3 రాగిచెంబు

డేటాబేస్ వైపు నుంచి ఒక మాట. నేను పనిచేసేది అందులోనే.

ఇప్పుడు అందరూ వాడే పట్టికల పద్ధతిని 1970లో ప్రతిపాదించిన ఎడ్గర్ కాడ్‌కు ఈ ఖాళీల బెడద బాగా తెలుసు. నిజం, అబద్ధం, తెలియదు అని మూడు విలువల తర్కం తీసుకొచ్చాడు. ఆ తర్వాత, 1986లో, ఒక్క ఖాళీ గుర్తు చాలదు, రెండు కావాలన్నాడు. ఒకటి "విలువ ఉంది, కానీ మన దగ్గర లేదు". రెండోది "ఈ మనిషికి ఈ గడి వర్తించదు". ఆ పట్టికలను ప్రశ్నలు అడిగే భాష ఎస్‌క్యూఎల్ మాత్రం ఆ రెండింటినీ కలిపి నల్ అనే ఒకే ఒక్క ఖాళీ గుర్తుతో సరిపెట్టింది. పుట్టినతేదీ తెలియకపోయినా నల్లే, పెళ్ళి కానివాళ్ళ పెళ్ళితేదీ అయినా నల్లే.

దీనివల్ల జరిగే తమాషా పొరపాట్లు చాలా ఉన్నాయి. ఒకటి మాత్రం మీరు తప్పకుండా చూసుకోండి. "పింఛను ఆగిపోయినవాళ్ళ జాబితాలో లేనివాళ్ళందరినీ చూపించు" అని నాట్ ఇన్‌తో క్వెరీ రాశారనుకోండి. ఆ జాబితాలో ఎక్కడో ఒక్క వరుసలో ఐడీ గడి నల్‌గా ఉంటే ఫలితం మొత్తం సున్నా వరుసలు వస్తాయి. ఎందుకంటే ఆ నల్ ఎవరిదైనా కావచ్చు కదా, కాబట్టి ఎవరి గురించీ "ఈమె జాబితాలో లేదు" అని గట్టిగా చెప్పలేనంటుంది. తర్కం ప్రకారం సబబే. కానీ తెర మీద ఎర్రర్ రాదు, ఖాళీ రిపోర్టు వస్తుంది. చూసినవాళ్ళు "ఓహో, ఎవరూ లేరన్నమాట" అనుకుని సంతకం పెట్టేస్తారు.

#4 మున్నేరు

రాగిచెంబు గారూ, ఆ నాట్ ఇన్ సంగతి రేపే మా వాళ్ళకు చూపిస్తాను. రాజు గారూ, చట్టాన్ని ఇలా తర్కంలో రాసిన పాత ఉదాహరణ ఏమైనా ఉందా? మేం చేస్తున్నది కొత్త పనేమీ కాదని నా అనుమానం.

#5 డల్లాస్_రాజు

ఉంది. 1986లో లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళు బ్రిటిష్ జాతీయతా చట్టాన్ని ప్రోలాగ్ నియమాలుగా రాసి ప్రచురించారు. సెర్గాట్, సద్రీ, కోవాల్స్కీ, ఇంకా ముగ్గురు. చట్టం 1981 నాటిది, అమలులోకి వచ్చింది 1983 జనవరి 1న.

మొదటి సెక్షన్ మొదటి ఉపసెక్షన్ నియమంగా రాయడానికే పుట్టినట్టుంటుంది. చట్టం అమలులోకి వచ్చాక బ్రిటన్‌లో పుట్టిన వ్యక్తి, పుట్టిన సమయానికి తల్లిగానీ తండ్రిగానీ బ్రిటిష్ పౌరులైతే, లేదా అక్కడ స్థిరపడినవారైతే, ఆ వ్యక్తి బ్రిటిష్ పౌరుడు. దీన్ని ఇలా రాసుకోవచ్చు:

క పౌరుడు ←
 క బ్రిటన్‌లో పుట్టాడు,
 పుట్టిన తేదీ చట్టం అమలు తర్వాత,
 ఖ, క కి తల్లి లేదా తండ్రి,
 ఆ తేదీన ఖ పౌరుడు లేదా స్థిరనివాసి.

రెండో ఉపసెక్షన్ దగ్గర కథ మారుతుంది. బ్రిటన్‌లో దిక్కులేకుండా దొరికిన పసికందు సంగతి అది. ఆ బిడ్డ ఎక్కడ పుట్టిందో తెలియదు, తల్లిదండ్రులెవరో తెలియదు. మొదటి నియమానికి కావలసిన ఒక్క ఆధారమూ లేదు. "రాయనిది లేనట్టే" అన్న లెక్కన ఆ బిడ్డ పౌరురాలు కాదు. చట్టం అలా అనలేదు. విరుద్ధంగా రుజువైతే తప్ప ఆ బిడ్డ అక్కడే పుట్టినట్టు, తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులో స్థిరనివాసో అయినట్టు భావించాలంది. అంటే తెలియనితనాన్ని బిడ్డ పక్షానికి తిప్పింది. రుజువు బరువు ఎవరి మీద ఉందో చట్టం రాసినవాళ్ళే తేల్చేశారు.

ఆ నిబంధనను ఆ బృందం "విరుద్ధంగా నిరూపించలేకపోతే" అనే ప్రోలాగ్ పద్ధతిలోనే రాసింది. ఒక ఇబ్బందిని కూడా వాళ్ళు దాచుకోలేదు. రేపు తల్లిదండ్రులెవరో తెలిస్తే నిన్నటి తీర్మానం వెనక్కి పోవచ్చు. మామూలు గణిత తర్కంలో అలా జరగదు. అక్కడ కొత్త సంగతులు చేరుస్తూ పోతే తీర్మానాలు పెరుగుతాయే గానీ తగ్గవు. చట్టంలోనూ రోజువారీ బతుకులోనూ తగ్గుతాయి. 1980 ప్రాంతంలో రైటర్, జాన్ మెకార్తీ, మెక్‌డెర్మట్, డోయల్ వీళ్ళంతా ఈ "వెనక్కి తీసుకోగల" తర్కాల మీదే పడ్డారు.

అదే చట్టంలో విదేశీయులు పౌరసత్వం కోరితే "మంచి నడవడి" ఉండాలని ఉంది. అలాంటివాటిని నియమంగా విడగొట్టకుండా, ప్రోగ్రాము వాడుతున్న మనిషినే అడిగేలా వదిలేశారు. నాకు అది చాలా నచ్చింది. ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్ళ పని.

#6 నల్లమల

మధ్యలో వచ్చినందుకు క్షమించాలి. కంప్యూటరుకు సంస్కృతమే సరైన భాష అని నాసా వాళ్ళే చెప్పారు కదా? మన న్యాయశాస్త్రంలో, అంటే పాత తర్కశాస్త్రంలో, ఇవన్నీ ఎప్పుడో ఉన్నాయంటారు. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

#7 తర్కశాల

నల్లమల గారూ, వాట్సాప్‌లో తిరిగే ఆ మాటకు మూలం ఒక వ్యాసం. 1985లో ఏఐ మ్యాగజైన్‌లో రిక్ బ్రిగ్స్ రాశాడు. ఆయన నాసా ఏమ్స్ కేంద్రంలో పనిచేసేవాడు. నాసా సంస్థ తరఫున చేసిన ప్రకటన కాదది, సంస్కృతంలో ప్రోగ్రాములు రాయమనీ చెప్పలేదు. మన వైయాకరణులు ఒక వాక్యాన్ని సందేహానికి తావులేకుండా విడగొట్టి చెప్పే తీరుకూ, అప్పటి ఏఐ వాళ్ళ అర్థజాలాలకూ (మాటల అర్థాల మధ్య సంబంధాలను వలలా గీసే పద్ధతికి) పోలిక ఉందని చూపించాడు. అంతవరకు ఆ వ్యాసం విలువైనదే. కర్త, కర్మ, కరణం, సంప్రదానం అనే కారక సంబంధాలతో వాక్యాలను గుర్తించే పద్ధతిని ఆ తర్వాత మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో హిందీ, తెలుగు వాక్యాల మీద నిజంగా వాడారు. గొప్ప చెప్పుకోవాలంటే అది చెప్పుకోవచ్చు.

కానీ మున్నేరు గారు అడిగినదానికి మన సంప్రదాయంలో పనికొచ్చేది వేరే చోట ఉంది. అభావం, అంటే "లేకపోవడం" మీద జరిగిన వాదంలో ఉంది. దాని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇక్కడ మనవాళ్ళు పడిన శ్రమ చాలామందికి తెలియదు.

"నేల మీద కుండ లేదు" అని నాకు తెలిసింది. ఎలా తెలిసింది? కుండ కంటికి కనిపించి తెలిసింది కాదు, అక్కడ లేదు కదా. భాట్ట మీమాంసకులు, అంటే కుమారిలుని శిష్యపరంపర, దీనికి అనుపలబ్ధి అని ఆరో ప్రమాణాన్ని ఒప్పుకున్నారు. కనబడకపోవడమే ఇక్కడ తెలుసుకునే సాధనం అన్నారు. అద్వైతులూ ఒప్పుకున్నారు. నైయాయికులు, అంటే న్యాయశాస్త్రం వాళ్ళు, వేరే ప్రమాణం అక్కర్లేదు, ఆ కుండ లేకపోవడాన్ని కన్నే పట్టుకుంటుంది, కనబడకపోవడం దానికి తోడ్పడుతుంది అంతే అన్నారు. బౌద్ధుడు ధర్మకీర్తి మరోలా, కనబడకపోవడాన్ని అనుమానంలో (ఒక గుర్తును బట్టి తేల్చుకునే తర్కంలో) హేతువుగా పెట్టాడు. ఇలా ఎవరి దారి వారిదే.

అయితే ఒక షరతు దగ్గర వీళ్ళంతా కలుస్తారు. ఊరికే కనబడకపోతే చాలదు. ఉండి ఉంటే కనబడి తీరాల్సినది కనబడకపోవాలి. దాన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు. వెలుతురుంది, కళ్ళు బాగున్నాయి, నేల స్పష్టంగా కనిపిస్తోంది. కుండ ఉంటే నేలతోపాటు అదీ కనిపించేది. కనిపించలేదు, కాబట్టి లేదు. ఇది చెల్లుతుంది. చీకట్లో కుండ కనబడలేదు కాబట్టి లేదంటే చెల్లదు. పట్టపగలైనా సరే, పిశాచం కనబడలేదు కాబట్టి ఇక్కడ పిశాచం లేదంటే కూడా చెల్లదు. అది ఉన్నా కంటికి కనబడేది కాదు గనుక. కుండ, పిశాచం – ఈ రెండూ శాస్త్రగ్రంథాల్లోని ఉదాహరణలే, నేను కల్పించినవి కావు.

రాజు గారు చెప్పిన టైమ్ టేబుల్‌కూ రోగి ఫైలుకూ ఉన్న తేడా సరిగ్గా ఇదే. బండి ఉంటే టైమ్ టేబుల్‌లో కనబడి తీరాలి. ఆ పట్టికకు యోగ్యత ఉంది. పెన్సిలిన్ పడకపోవడం ఫైల్లో కనబడి తీరాలన్న హామీ ఎక్కడా లేదు.

#8 రాగిచెంబు

తర్కశాల గారూ, ఇది చదివాక లేచి కాసేపు తిరిగొచ్చాను. మేం దీన్నే వేరే మాటల్లో వెతుక్కుంటున్నాం. డేటాబేస్ మొత్తాన్ని "మూసిన లోకం" అనో "తెరిచిన లోకం" అనో ఒకే మాటతో ముద్ర వేయకూడదు. ఏ పట్టిక, ఏ గడి, ఏ తేదీల మధ్య పూర్తిగా ఉందో విడిగా రాసుకోవాలి. "2019 నుంచి ఈ మండలంలో నమోదైన మరణాలన్నీ ఇందులో ఉన్నాయి" అని ఒక వాక్యం రాసుకుంటే, ఆ పరిధిలో మాత్రమే ఖాళీని "లేదు" అని చదవవచ్చు. పరిధి బయట "తెలియదు" అని చదవాలి. పరిశోధకులు దీన్ని లోకల్ క్లోజ్డ్ వరల్డ్ అంటారు.

వికీపీడియాకు తోడుగా నడిచే వికీడేటా అనే సమాచార భాండారంలో కూడా మంచి ఏర్పాటు ఉంది. అక్కడ ఒక అంశానికి విలువ రాయకుండా వదిలేయవచ్చు, "విలువ లేదు" అని గట్టిగా చెప్పవచ్చు, "విలువ ఉంది కానీ తెలియదు" అనీ చెప్పవచ్చు. మూడూ వేర్వేరు. కాడ్ అడిగింది చాలా ఏళ్ళకు అక్కడ కనబడింది.

తర్కసంగ్రహం అనే పాత తర్కగ్రంథంలో అభావం నాలుగు రకాలని చదివిన గుర్తు. భర్త పేరు గడికి అవి సరిపోతాయేమో కదా? ఇంకా పెళ్ళి కాలేదు: ప్రాగభావం. భర్త పోయాడు: ప్రధ్వంసాభావం.

#9 కృష్ణాతీరం

నేను కాలేజీలో తత్వశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. రాగిచెంబు గారి ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తోంది, కానీ ఇక్కడ ఒక జాగ్రత్త కావాలమ్మా.

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. "కాశీగమనమాత్రేణ నాన్నంభట్టాయతే ద్విజః" (కాశీకి వెళ్ళినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరు) అన్న నానుడి ఆయన మీదే పుట్టింది. ఆయన లోకాన్ని విడదీసిన ఏడు పదార్థాల్లో (వర్గాల్లో) చివరిదిగా అభావాన్ని చెప్పి, దాన్ని ప్రాగభావం, ప్రధ్వంసాభావం, అత్యంతాభావం (ఎప్పుడూ లేకపోవడం), అన్యోన్యాభావం (ఒకటి మరొకటి కాకపోవడం) అని నాలుగుగా విడదీశాడు. ఇవన్నీ లోకంలో ఉన్న అభావాలు. కుండ తయారుకాకముందు దాని లేమి, పగిలాక దాని లేమి. చూసేవాడికి తెలిసినా తెలియకపోయినా అవి అలాగే ఉంటాయి.

"తెలియదు" అన్నది ఈ వరుసలో ఐదోది కాదు. అది ఆ గడి నింపే మనిషిలో ఉన్న లేమి. అభావజ్ఞానం వేరు, జ్ఞానాభావం వేరు. "భర్త లేడని నాకు తెలుసు" మొదటిది. "భర్త సంగతి నాకు తెలియదు" రెండోది. ఈ రెండింటినీ ఒకే డ్రాప్‌డౌన్ జాబితాలో పక్కపక్కన పెడితే, నింపేవాడు ఏది సులువైతే అది నొక్కుతాడు. కాబట్టి రెండు గడులు పెట్టండి. ఒకటి ఆమె పరిస్థితికి. రెండోది ఆ పరిస్థితి మనకు ఎలా తెలిసిందో చెప్పడానికి: స్వయంగా చెప్పిందా, ధ్రువపత్రం ఉందా, పక్కింటివాళ్ళ మాటా, అసలు అడగనేలేదా. మనవాళ్ళు ప్రమాణాల గురించి అంత పట్టుబట్టింది ఇందుకే. సంగతితోపాటు అది తెలిసిన దారి కూడా నమోదు కావాలి.

ఇంకొకటి. భర్త వదిలేసి వెళ్ళిపోయిన ఆడమనిషి ఈ నాలుగింట్లో దేనికీ సరిపోదు. భర్త ఉన్నాడు, ఇంట్లో లేడు. పాత వర్గాల్లోకి ఆమెను నెట్టవద్దు. ఒంటరి మహిళల పింఛను విడిగా పెట్టాల్సి వచ్చింది అందుకే కదా.

#10 విశాఖ_లహరి

నేను ఎంటెక్ చదువుతున్నాను. అందరూ ఇంత వివరంగా రాస్తుంటే అడగడానికి మొహమాటంగా ఉంది, అయినా అడుగుతాను. ఇప్పుడు ఏఐ మోడల్‌కి జీవో పీడీఎఫ్ ఇచ్చి "ఈమె అర్హురాలా?" అంటే చెప్పేస్తుంది కదా. ఇలా ఒక్కో వాక్యం తర్కంలో రాయడం ఇంకా అవసరమా సార్? సైక్ అనే ప్రాజెక్టు ఇలాగే ఏళ్ళ తరబడి రాసి విఫలమైందని మా క్లాసులో చెప్పారు.

#11 డల్లాస్_రాజు

మొహమాటం ఎందుకమ్మా, అందరి మనసులోనూ ఉన్న ప్రశ్నే.

సైక్‌ను 1984లో డగ్లస్ లెనాట్ టెక్సస్‌లోని ఆస్టిన్‌లో మొదలుపెట్టాడు. మనిషికి చెప్పకుండానే తెలిసిన మామూలు సంగతులన్నీ తర్కవాక్యాలుగా రాయాలన్నది లక్ష్యం. 2023లో పోయేదాకా ఆయన అదే పని మీద ఉన్నాడు. అనుకున్నంత ఎత్తుకు అది చేరలేదన్నది నిజమే. "విఫలం" అని ఒక్క మాటతో కొట్టేయడం నాకు నచ్చదు. లోకమంతటికీ ఒకే సత్యాల పెట్టె కుదరదని వాళ్ళు పనిచేస్తూ తెలుసుకున్నారు. రక్తపిశాచులు లేరు అన్న వాక్యమూ ఉండాలి, డ్రాకులా ఒక రక్తపిశాచి అన్న వాక్యమూ ఉండాలి. అందుకే మైక్రోథియరీలని వాక్యాలను సందర్భాలవారీగా విడగొట్టారు. ఏ వాక్యం ఏ సందర్భంలో నిజమో అక్కడే రాసుకున్నారు.

ఇక మోడల్ సంగతి. జీవో చదివి నియమాల ముసాయిదా తయారు చేయడానికి అది బాగా పనికొస్తుంది, నేనూ వాడతాను. కానీ ఒక మనిషికి పింఛను కాదన్నప్పుడు, ఏ జీవో, ఏ పేరా, ఏ ఆధారం లేక కాదన్నామో చెప్పగలగాలి. అదే దరఖాస్తు రేపు పెడితే అదే జవాబు రావాలి. మోడల్ ఒక కారణం రాసిస్తుంది, బాగానే రాస్తుంది. ఆ కారణం వల్లే ఆ జవాబు వచ్చిందన్న హామీ ఉండదు. తర్కంలో రాసినదానికి ఆ హామీ ఉంటుంది.

#12 కృష్ణాతీరం

జర్మన్ తత్వవేత్త లైబ్నిట్జ్ పదిహేడో శతాబ్దంలోనే కన్న కల ఇది. మనుషుల భావాలన్నిటికీ గుర్తుల భాష ఒకటి తయారుచేస్తే, ఇద్దరు తత్వవేత్తలకు వాదం వచ్చినప్పుడు కలాలు పట్టుకుని కూర్చుని "లెక్క కడదాం" అంటే చాలన్నాడు. 1879లో తర్కవేత్త ఫ్రెగె తన భావలిపితో ఆ భాషకు వ్యాకరణం లాంటిది నిజంగానే ఇచ్చాడు. ఈనాటి మీ నియమాలన్నీ ఆయన వేసిన దారినే నడుస్తున్నాయి.

అయితే లైబ్నిట్జ్ బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరి ముందూ కావలసిన సంగతులన్నీ ఉన్నాయి. మున్నేరు గారి దరఖాస్తుదారు ఆ బల్ల దగ్గర లేనేలేదు.

#13 గడియారస్తంభం

ఓడబ్ల్యూఎల్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. వెబ్‌లోని సమాచారాన్ని కంప్యూటర్లు అర్థంతో సహా చదవాలనే సెమాంటిక్ వెబ్ కోసం, వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూత్రీసీ సంస్థ 2004లో ప్రమాణంగా తెచ్చిన భాష అది. ప్రోలాగ్‌కు పూర్తిగా ఎదురు దిక్కు: రాయనిది తెలియదనే లెక్క.

"ప్రతి మనిషికీ తండ్రి ఉంటాడు" అని నియమం రాసి, తండ్రి పేరు లేని రికార్డు ఇస్తే అది తప్పు పట్టదు. "ఎవరో ఒక తండ్రి ఉన్నాడు" అని తనే ఊహించుకుని ముందుకెళ్తుంది. "తండ్రి ఒక్కడే" అని రాసి, ఒకచోట వెంకట్రావు, ఇంకోచోట వెంకటరావు అని ఇస్తే, ఇద్దరు తండ్రులని గొడవ చేయదు. రెండు పేర్లూ ఒకే మనిషివని తేలుస్తుంది. మన రికార్డుల్లో పేర్ల స్పెల్లింగులు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళకు ఇది ప్రాణం లేచొచ్చే సంగతి. కానీ నిజంగా ఇద్దరు వేర్వేరు మనుషులైనా అంతే నిబ్బరంగా కలిపేస్తుంది, ఆ ఇద్దరూ వేరని మీరు చెప్పి ఉంటే తప్ప.

ఫారం సరిగ్గా నింపారా లేదా అని పరీక్షించడానికి ఓడబ్ల్యూఎల్ వాడబోయి చాలామంది బోల్తా పడ్డారు. ఆ పని కోసమే 2017లో షాకిల్ అనే వేరే ప్రమాణం వచ్చింది. ఊహించడానికి ఒక పనిముట్టు, సరిచూడటానికి ఇంకొకటి.

#14 డల్లాస్_రాజు

ఈ రెండు దిక్కులనూ ఒకేచోట రాయడం ఎలాగో 1991లో గెల్ఫాండ్, లిఫ్‌షిట్జ్ చూపించారు. వాళ్ళ వ్యాసంలో మెకార్తీ చెప్పిన ఉదాహరణ ఒకటుంది. రైలు పట్టాల ముందు ఆగిన స్కూలు బస్సు. ఎప్పుడు దాటవచ్చు?

దాటవచ్చు ← "రైలు వస్తోంది" అని తెలియదు.
దాటవచ్చు ← "రైలు రావడం లేదు" అని తెలుసు.

మొదటిది క్లోజ్డ్ వరల్డ్. ఆధారం లేకపోతే దాటేయమంటుంది. రెండోది, లేదన్న ఆధారం చేతికొస్తేనే దాటమంటుంది. రాతలో తేడా అరంగుళం. వాళ్ళు రెండు రకాల "కాదు"లకూ వేర్వేరు గుర్తులు పెట్టారు.

#15 మెదక్_మాస్టారు

ఇన్ని రోజులూ చదువుతూ ఊరుకున్నాను. ఈ ఉదాహరణ చూశాక రాయకుండా ఉండలేకపోయాను. 2014 జూలై 24న మా జిల్లా మాసాయిపేటలో కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూలు బస్సును నాందేడ్ ప్యాసింజరు ఢీకొట్టింది. చిన్నపిల్లలు పోయారు. ఇక్కడి టీచర్లెవరూ మర్చిపోలేరు.

కాపలా మనిషీ గేటూ ఉన్నచోట గేటు తెరిచి ఉండటమే ఒక సమాచారం. రైలు రావడం లేదని ఎవరో చూసి చెప్పినట్టు. కాపలా లేనిచోట దారి తెరిచి ఉండటం ఏమీ చెప్పదు. కంటికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. ఇంజనీర్లు మీ ప్రోగ్రాముల్లో ఏ గడి వెనుక కాపలా మనిషి ఉన్నాడో, ఏ గడి వెనుక లేడో గుర్తుపెట్టుకుని రాయండి బాబూ.

#16 మున్నేరు

మాస్టారూ, మీరు రాసింది మా టీమ్ అందరికీ చదివి వినిపించాను.

ఇప్పటిదాకా వచ్చినదాన్ని బట్టి మేం అనుకుంటున్నది: ఒక్కో సంగతికి పక్కన అది తెలిసిన దారి ఉంటుంది. ఒక్కో పట్టికకు ఏ పరిధిలో పూర్తిగా ఉందో రాసి ఉంటుంది. ఫలితం మూడు రకాలు: అర్హత ఉంది, అర్హత లేదు, విచారించాలి. "అర్హత లేదు" అనాలంటే లేదన్న ఆధారం ఉండి తీరాలి.

#17 నల్లమల

అలా అయితే ఎవరు పడితే వాళ్ళు గడులు ఖాళీగా వదిలేసి దరఖాస్తు పెడతారు. దొంగ పింఛన్లు తినేవాళ్ళు మా ఊళ్ళోనే ఉన్నారు. ఆ డబ్బు కూడా పేదలదే కదండీ.

#18 రాగిచెంబు

మీ ఆందోళన న్యాయమైనదే అన్నగారూ. అందుకే "అర్హత ఉంది" అనడానికి కూడా ఆధారం కావాలి. ఖాళీ ఎవరికీ లాభించకూడదు. మూడో ఫలితం వచ్చినప్పుడు తర్వాతి అడుగు ఎవరిదో, ఎన్ని రోజుల్లో వేయాలో నియమంలోనే ఉండాలి. లేకపోతే "విచారించాలి" అన్న బుట్టలో దరఖాస్తులు ఏళ్ళ తరబడి పడుంటాయి, కాదనడానికీ దానికీ తేడా ఉండదు. మరణాల రిజిస్టరు ప్రభుత్వం దగ్గరే ఉన్నప్పుడు వెతకాల్సింది ప్రభుత్వమే, ఆమె కాదు. ఈ బరువు ఎవరిదన్నది మాత్రం మనలాంటి ప్రోగ్రామర్లు తేల్చే విషయం కాదు. మున్నేరు గారు దాన్ని రాతపూర్వకంగా అధికారుల చేత రాయించుకోవాలి.

#19 విశాఖ_లహరి

ఇంకొక్క సందేహం. దీన్ని చేయడానికి దొరికే సాధనాలేమిటి? జీవోలు మారుతుంటే పాత దరఖాస్తుల సంగతి ఏంటి?

#20 డల్లాస్_రాజు

సాధనమంటే ఎస్‌క్యాస్ప్ చూడండి. మాడ్రిడ్ పరిశోధకులూ ఇక్కడి యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డల్లాస్ వాళ్ళూ కలిసి చేశారు. ఎస్‌డబ్ల్యూఐ ప్రోలాగ్ లోపలి నుంచే వాడుకోవచ్చు. రెండు రకాల "కాదు"లూ అందులో ఉన్నాయి. జవాబుతో పాటు దానికి చేరిన మెట్లన్నీ చెట్టులా చూపిస్తుంది, అది మామూలు వాక్యాల్లో వచ్చేలా కూడా పెట్టుకోవచ్చు. వాక్యాల అచ్చులు తెలుగులో రాసుకుంటే దరఖాస్తుదారుకు చదివి వినిపించవచ్చు.

జీవోలు మారడం గురించి: ఏ నియమాన్నీ తేదీ లేకుండా రాయకండి. బ్రిటిష్ చట్టంలోనే చూడండి. తల్లిని పెళ్ళి చేసుకోని తండ్రి ద్వారా పౌరసత్వం మొదట్లో వచ్చేది కాదు. 2006 జూలై 1 నుంచి పుట్టినవాళ్ళకు వస్తోంది. అంటే "తండ్రి" ఎవరన్న నిర్వచనమే పుట్టిన తేదీని బట్టి మారింది. పాత నియమాన్ని చెరిపి కొత్తది రాసి ఉంటే, 2005లో పుట్టినవాళ్ళకు తప్పు జవాబు వచ్చేది. రెండూ ఉంచి, ఒక్కోదానికి మొదలు తేదీ, ముగింపు తేదీ పెట్టాలి.

దీనికి కోవాల్స్కీ, సెర్గాట్ అదే 1986లో ఈవెంట్ కాలిక్యులస్ అని ఒక పద్ధతి ఇచ్చారు. ఒక సంఘటన ఒక స్థితిని మొదలుపెడుతుంది, ఇంకో సంఘటన ఆపుతుంది, మధ్యలో ఏమీ జరగకపోతే ఆ స్థితి సాగుతుంది. పెళ్ళి, మరణం, జీవో జారీ, జీవో రద్దు అన్నీ సంఘటనలే.

"మధ్యలో ఏమీ జరగకపోతే" అన్నచోట మళ్ళీ అదే ప్రశ్న వస్తుంది లహరీ. ఏమీ జరగలేదా, జరిగింది మన దాకా రాలేదా? సంఘటనల పట్టిక ఏ తేదీ వరకు పూర్తిగా ఉందో అక్కడ కూడా రాసుకోవాలి. ఎస్‌క్యాస్ప్‌లో మొదటి ప్రయోగంగా ఒక మనిషి, రెండు జీవోలు, మూడు సంఘటనలు తీసుకుని రాసి చూడు. ఎక్కడైనా ఆగిపోతే కోడ్ ఇక్కడే పెట్టు, చూద్దాం.